వరుస తప్పితే బండి భారమే: వీల్‌చెయిర్‌తో ఎక్కే వాహనం కొనే ముందు

మా స్నేహితుడిని కారులోకి ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ముందు కుర్చీకి బ్రేకులు వేయాలి. కాళ్లు ఆనే పలకలు పక్కకు మడవాలి. కింద కుషన్ జరిగిందేమో చూడాలి. అప్పుడు ఒకరు వెనుక నుంచి చంకల కింద, ఇంకొకరు ముందు నుంచి మోకాళ్ల కింద పట్టుకుని ఒక్క ఊపున లేపాలి. రోడ్డు ప్రమాదంలో అతనికి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. భుజాలు ఆడతాయి, పిడికిలి బిగియదు, తన బరువు తాను ఎత్తుకోలేడు. ఒకసారి మేము పలకలు మడవడం మరిచిపోయి లేపాం. అతని మడమ గీరుకుపోయింది. అక్కడ స్పర్శ లేదు కనుక ఎవరికీ తెలియలేదు. సాయంత్రం మేజోడు మీద నెత్తురు చూశాకే తెలిసింది. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. "మీకు బలం చాలక కాదురా, వరుస తప్పుతున్నారు" అన్నాడు.

ఇటీవల అతనికి తెనాలి దగ్గర, ఇంటికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే పని దొరికేలా ఉంది. రోజూ వెళ్లి రావాలి. రోజుకు నాలుగుసార్లు ఎత్తి దించితే అతని వీపుకూ మా నడుములకూ మంచిది కాదు. పాత సహాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో ఎవరో మాట కదిపారు: కుర్చీతో సహా నేరుగా లోపలికి వెళ్లే బండి కొనిద్దాం. అరగంటలో హామీల వాన కురిసింది. కార్యక్రమం, దండ, తాళంచెవి అందజేసే ఫొటో దాకా మాటలు వెళ్లాయి. ఆ ఉత్సాహంలో ఎవరమూ అడగని ప్రశ్నలు చాలా ఉన్నాయి. అడగడం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, ఇక్కడ కూడా అసలు చిక్కు వరుసదే. ఏ కాగితం ముందు, ఏది వెనుక, బండి ఎవరి పేరిట అన్నవి తేల్చుకోకుండా దిగితే రాయితీలు ఒక్కొక్కటిగా జారిపోతాయి. అంతకన్నా ఘోరం, ప్రేమతో కొనిచ్చిన బండే అతని పింఛనుకు ఎసరు పెట్టవచ్చు.

ముందు బండి సంగతి. వీల్‌చెయిర్ వాడేవారందరికీ ర్యాంపు ఉన్న వ్యాను అక్కర్లేదు. చేతుల్లో బలం ఉండి, పోలియో వల్లనో నడుము కింది దెబ్బ వల్లనో కాళ్లు మాత్రమే పనిచేయనివారికి పక్కచక్రాలు బిగించిన స్కూటరు చాలు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇలాంటి మోటారు వాహనాలను ఉచితంగా ఇస్తున్నాయి, కాకపోతే పరిమితంగా. ఆంధ్రప్రదేశ్‌లో ఒక విడతకు నియోజకవర్గానికి పది చొప్పున 1,750 అనుకున్నారు. నియోజకవర్గానికి పది అంటే ఒక్కో మండలానికి ఎన్ని వస్తాయో మీరే లెక్క వేసుకోండి. మద్రాస్ ఐఐటీలో పుట్టిన నియోమోషన్ సంస్థ చేసే నియోబోల్ట్ లాంటివి కుర్చీ ముందు భాగానికే తగిలించుకునే మోటారు బండ్లు. 2020 నవంబరులో బయటికి వచ్చినప్పుడు దాని ధర 55,000, వేగం గంటకు 25 కిలోమీటర్లు. ఊళ్లో తిరగడానికి బాగుంటుంది. అయితే హ్యాండిల్ పట్టుకునే పట్టు ఉండాలి.

కుర్చీలోంచి సీటులోకి కొంత సాయంతో జరగగలిగేవారికి మరో దారి ఉంది. కారు ముందు సీటే తలుపు వైపు తిరిగి బయటికి వచ్చే ఏర్పాటు అది. 2025 డిసెంబరులో మారుతీ సంస్థ వ్యాగనార్‌కు ఇలాంటి తిరిగే సీటును 59,999 రూపాయల ధరకు ప్రకటించింది. బెంగళూరుకు చెందిన ట్రూఅసిస్ట్ అనే అంకుర సంస్థతో కలిసి, తొలి విడతలో 11 నగరాల్లో అమ్మకానికి పెట్టింది. పాత వ్యాగనార్‌కు కూడా బిగించవచ్చు. వృద్ధులకు, మోకాళ్ల నొప్పులవారికి ఇది వరం. మా వాడికి మాత్రం సగం పరిష్కారమే. సీటు తిరుగుతుంది సరే, సీటులోకి అతన్ని ఎత్తేది ఎవరు?

కనుక అతనికి కావలసింది కుర్చీతో సహా ఎక్కే వ్యానే. మెకానిక్ చెబుతుంటే మాకు బోధపడిన విషయాలు కొన్ని ఇక్కడ చెప్పాలి. బయటి నుంచి చూస్తే "వెనుక తలుపు తీసి ఒక రేకు వాల్చడమేగా" అనిపిస్తుంది. ప్రభుత్వ భవనాల ర్యాంపులకు ఒకటికి పన్నెండు అనే లెక్క ఉంది. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి. బండి లోపలి నేల అడుగున్నర ఎత్తులో ఉందనుకుంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు అవుతుంది. అంత రేకును బండిలో మోసుకుని తిరగలేం కనుక ఆరడుగులతో సరిపెడతారు. అప్పుడు వాలు ఒకటికి నాలుగు అవుతుంది. డెబ్బై అయిదు కిలోల మనిషి, ఇరవై కిలోల కుర్చీ. ఆ వాలు మీద తోయడమంటే సుమారు పాతిక కిలోల బరువును ఎత్తిపట్టినంత బలం, అదీ కాలు జారకుండా. వాళ్ల అమ్మగారికి అరవై నాలుగేళ్లు. ఆవిడ తోయగలరా? తోయలేరు. కాబట్టి కుర్చీని లోపలికి లాగే వించ్ అయినా ఉండాలి, బండి వెనుక నేలను కోసి కిందికి దించనైనా దించాలి.

నేలను కోయడం అన్ని బండ్లలోనూ కుదరదు. ఇంజను శక్తి ముందు చక్రాలకు వెళ్లే కార్లలో వెనుక కింద కొంత ఖాళీ దొరుకుతుంది. మారుతీ ఈకో వ్యాను లాంటి బండిలో శక్తి వెనుక చక్రాలకు వెళుతుంది కనుక ఇరుసు, షాఫ్టు కిందే ఉంటాయి. అయినా మన దేశంలో ఈ పనికి ఈకోనే ఎక్కువగా వాడుతున్నారు. లోపల ఎత్తు ఉంది, ధర తక్కువ, పొడవు 3.67 మీటర్లే. విద్యుత్ కార్లలో బ్యాటరీ నేల కిందే పరిచి ఉంటుంది, దాన్ని కోసే ప్రశ్నే లేదు. వెనుక సిలిండరు ఉన్న సీఎన్‌జీ బండ్లలో ర్యాంపుకు అదే అడ్డం. గ్రూపులో ఒకాయన "విద్యుత్ బండి కొందాం, జీఎస్టీ 5 శాతమే" అని లెక్కతో సహా పెట్టాడు. లెక్క సరైనదే, బండి తప్పు.

కొలతలు మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి తీయాలి. మా వాడి తల నేల నుంచి 134 సెంటీమీటర్లు ఉంది, కుషన్ మార్చాక 137. కొలవాల్సింది బండి లోపలి ఎత్తు మాత్రమే కాదు, వెనుక తలుపు చట్రం ఎత్తు కూడా. చాలా బండ్లలో లోపల తల పడుతుంది, గుమ్మం దగ్గర పట్టదు. మెడ వంచగలిగినవాడికి అది చిన్న సమస్య, వంచలేనివాడికి బండి మొత్తం వృథా.

లోపలికి వెళ్లాక కుర్చీని నేలకు నాలుగు మూలలా కట్టాలి. ఆ కట్లు కుర్చీకే. మనిషికి నడుము మీదుగా, భుజం మీదుగా వేరే బెల్టు ఉండాలి, అది కుర్చీకి కాక బండికి బిగించి ఉండాలి. చాలాచోట్ల రెంటినీ ఒకటే అనుకుంటారు. మామూలు మడత కుర్చీకి తల ఆనే దిండు ఉండదు, వెనుక నుంచి ఎవరైనా గుద్దితే మెడ మీదే పడుతుంది. ఇక ఏసీ. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవారికి దెబ్బ కింది భాగంలో చెమట సరిగా పట్టదు. ఒళ్లు తనను తాను చల్లబరచుకోలేదు. మే నెలలో రేకు బండిలో అరగంట వాళ్లకు ప్రమాదమే. ఏసీ లేని మోడల్ తీసుకుని నలభై యాభై వేలు మిగుల్చుదామన్న మాట ఆ రోజుతో ఆగిపోయింది.

ఇప్పుడు పన్నులు. ఇక్కడ పాత సమాచారమే ఇంకా తిరుగుతోంది, జాగ్రత్త. కదలికకు సంబంధించిన వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవారికి కారు మీద జీఎస్టీ 18 శాతమే, సెస్సు లేదు అన్న రాయితీ ఎన్నో ఏళ్లు ఉండేది. పెట్రోలు బండి అయితే 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ మించకూడదు, పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. దానికి కేంద్ర భారీ పరిశ్రమల శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవలసి వచ్చేది, అయిదేళ్లు అమ్మనని రాసివ్వలసి వచ్చేది. అప్పట్లో మామూలు కొనుగోలుదారు 28 శాతం జీఎస్టీ, దాని మీద పెట్రోలు చిన్నకారుకు 1 శాతం, డీజిల్‌కు 3 శాతం సెస్సు కట్టేవాడు. అంటే అయిదు లక్షల మూలధర గల పెట్రోలు కారు మీద 55,000 మిగిలేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అవే కొలతల చిన్నకార్లు అందరికీ 18 శాతానికే వస్తున్నాయి. ఇదివరకు వికలాంగుడికి ఇచ్చిన రేటు ఇప్పుడు అందరి రేటు. అందరికీ తగ్గడం సంతోషమే. కానీ కుర్చీ ఎక్కించడానికి అదనంగా ఖర్చుపెట్టుకునేవాడికి ఉన్న ఆ కాస్త ఊరట మాయమైంది. డీలరు "వికలాంగుల రాయితీ ఇప్పిస్తాను" అని వేరే రుసుము అడిగితే, దేని మీద ఎంత తగ్గుతుందో కాగితం మీద రాసిమ్మనండి.

తగ్గేది ఒకటుంది, దాన్ని ఎక్కువమంది అడగరు. వికలాంగులు వాడే వాహనాలకు బిగించే సామగ్రి కిట్ల మీద జీఎస్టీ 5 శాతం. 2021 సెప్టెంబరులో లక్నోలో జరిగిన జీఎస్టీ మండలి సమావేశంలో తీసుకున్న నిర్ణయం అది. వీల్‌చెయిర్ మీద కూడా 5 శాతమే. ర్యాంపు, కట్లు, తిరిగే సీటు బండి బిల్లులోనే కలిపేస్తే అన్నింటికీ 18 శాతం పడుతుంది. కిట్‌కు విడి బిల్లు అడగండి.

రిజిస్ట్రేషన్ దగ్గర వరుసే సర్వస్వం. బండిని ఇష్టం వచ్చినట్లు మార్చడం మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. ఆరు నెలల వరకూ జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇది విని భయపడాల్సిన పని లేదు. 2019 సవరణ 'అడాప్టెడ్ వెహికల్' అనే మాటను చట్టంలోకి తెచ్చింది. శారీరక వైకల్యం ఉన్న వ్యక్తి కోసం తయారైన, లేదా మార్చిన, ఆ వ్యక్తి మాత్రమే లేదా ఆ వ్యక్తి కోసం మాత్రమే వాడే వాహనం అని దాని అర్థం. ఇలాంటి మార్పును ముందు చేయించుకుని తర్వాత రవాణా శాఖ ఆమోదం తీసుకునే వెసులుబాటు కూడా ఆ సవరణే ఇచ్చింది. కొత్త బండికి అంతకన్నా శుభ్రమైన దారి 2023లో వచ్చింది. షోరూం నుంచి తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో బండిని బయటికి తెచ్చి, మార్పులు చేయించి, ఆ తర్వాత అడాప్టెడ్ వాహనంగానే శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించవచ్చు. మా సలహా ఏమిటంటే, కోత మొదలుపెట్టే ముందే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు డ్రాయింగు చూపించి మాట్లాడండి. చట్టంలో తర్వాత అడిగే వీలున్నా, కోసిన నేలను మళ్లీ అతికించే వీలు లేదు.

ఆర్‌సీలో ఆ ఒక్క మాట పడితే మూడు తలుపులు తెరుచుకుంటాయి. వికలాంగుడి పేరిట, అతని కోసం మార్చిన బండికి లైఫ్ టాక్స్ మినహాయింపు కోరవచ్చు. అయిదు నుంచి పది లక్షల మధ్య కారుకు లైఫ్ టాక్స్ 14 శాతం కనుక, ఆరు లక్షల బండికి 84,000 దాకా వస్తుంది. రెండోది బీమా. వికలాంగుల కోసం మార్చి, ఆ సంగతి ఆర్‌సీలో నమోదైన వాహనాలకు ఓన్ డ్యామేజ్ (బండికే జరిగే నష్టం) ప్రీమియం మీద 50 శాతం తగ్గింపు మన మోటారు బీమా టారిఫ్‌లో ఎప్పటినుంచో ఉంది. ఏజెంట్లలో చాలామందికి ఇది గుర్తుండదు, గుర్తు చేయడం మన పని. మార్పుల సంగతి దాచి బీమా చేయిస్తే క్లెయిము నాడు వాళ్లకు మాత్రం తప్పక గుర్తుకొస్తుంది. మూడోది జాతీయ రహదారుల టోల్. వికలాంగుల కోసం ప్రత్యేకంగా రూపొందించిన వాహనాలకు మినహాయింపు ఉంది, దానికి తగిన ఫాస్టాగ్ తీసుకోవాలి. వీటన్నిటికీ పునాది వైకల్య శాతం తేల్చే సదరం సర్టిఫికెట్, వికలాంగుల గుర్తింపు కార్డైన యూడీఐడీ. సర్టిఫికెట్ తాత్కాలికమైనదైతే గడువు ఎప్పుడు ముగుస్తుందో ముందు చూసుకోండి.

(పేర్ల గొడవ మీద చిన్న మాట. కేంద్రం దివ్యాంగులు అంటుంది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విభిన్న ప్రతిభావంతులు అంటుంది, తెలంగాణలో సహకార సంస్థ పేరులో వికలాంగులే ఉంది. దరఖాస్తు ఏ కార్యాలయానికో చూసి ఆ మాట రాయండి. మా వాడు మాత్రం "నన్ను లెక్కల మాస్టారు అనండి చాలు" అంటాడు.)

ఇంతవరకూ బండి అతని పేరిట ఉండాలనే చెప్పాను. ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6,000, పూర్తిగా మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో 4,016. మా వాడికి 15,000 వస్తోంది, ఏడాదికి 1,80,000. బియ్యం కార్డుకు, సంక్షేమ పథకాలకు అర్హత తేల్చేటప్పుడు చూసే ఆరు అంచెల పరిశీలనలో ఒక అంచె ఏమిటో తెలుసా? ఇంట్లో ఎవరి పేరిటా నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మాత్రం మినహాయింపు. పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 అన్న కుటుంబ ఆదాయ పరిమితి మరో అంచె. రవాణా శాఖ వివరాలూ కార్డు వివరాలూ కంప్యూటర్‌లో కలుస్తాయి. ఆ కంప్యూటర్‌కు కనిపించేది "నాలుగు చక్రాలు" అన్న మాటే. వెనుక ర్యాంపు ఉందా, లోపల కుర్చీ ఉందా అన్నది దానికి పట్టదు. 84,000 లైఫ్ టాక్స్ ఒక్కసారి మిగుల్చుకోవడానికి ఏటా 1,80,000 పోగొట్టుకునే బేరం అవుతుందేమో చూసుకోవాలి. కొనకముందే ఊళ్లోని సచివాలయంలో అర్జీ ఇచ్చి, అడాప్టెడ్ వాహనాన్ని ఎలా లెక్కిస్తారో రాతపూర్వకంగా జవాబు అడగండి. నోటిమాట చాలదు. చెప్పినాయన బదిలీ అయితే ఆ మాట కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది.

"అయితే టాక్సీగా రిజిస్టర్ చేయిద్దాం, టాక్సీకి మినహాయింపు ఉందిగా" అని మాలో ఒక తెలివైనవాడు అన్నాడు. కుదరదు. అడాప్టెడ్ వాహనం ఆ వ్యక్తి కోసం మాత్రమే వాడాలని చట్టమే అంటోంది. టాక్సీ అంటే ఊరందరిదీ. మరో దారి, బండిని స్నేహితులలో ఒకరి పేరిట గానీ రిజిస్టర్డు ట్రస్టు పేరిట గానీ ఉంచి అతనికి వాడుకోవడానికి ఇవ్వడం. లైఫ్ టాక్స్ మినహాయింపు ఆశ వదులుకోవలసి రావచ్చు, పింఛను మాత్రం నిలుస్తుంది. అయితే బండి యజమాని మీద బరువు ఉంటుంది. ఆ బండి ఎవరినైనా గుద్దితే కేసులో అతని పేరే వస్తుంది. ఆ యజమానికే ఏమైనా అయితే బండి అతని వారసులది అవుతుంది. ఎంత ప్రాణస్నేహితులైనా స్టాంపు కాగితం మీద రాసుకోవాలి. మా లెక్కలో ఉద్యోగం ఖాయమై జీతం వస్తే ఆదాయ పరిమితితో ఎలాగూ పింఛను పోయే అవకాశం ఉంది, అప్పుడు బండి అతని పేరిటే మేలు. ఉద్యోగం మూన్నాళ్ల ముచ్చటైతే ఆ పింఛను మళ్లీ తెప్పించుకోవడానికి ఎన్ని మెట్లెక్కాలో, అందులో ఎన్ని ఆఫీసులకు ర్యాంపు ఉందో చెప్పనక్కర్లేదు.

పోగుచేసిన డబ్బుకూ చట్టం ఉంది. బంధువులు ఎంత ఇచ్చినా అందుకున్నవారికి ఆదాయపు పన్ను లేదు. స్నేహితులు బంధువుల నిర్వచనంలోకి రారు. ఒక ఆర్థిక సంవత్సరంలో స్నేహితులు ఇచ్చిన డబ్బు మొత్తం 50,000 దాటితే, దాటిన భాగమే కాదు, మొత్తం ఆదాయం కిందికి వస్తుంది. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకూ రిబేటు ఉంది కనుక చాలామందికి కట్టాల్సిన పన్ను సున్నా కావచ్చు. కానీ ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాలి, ఆ రిటర్నులోని అంకె మళ్లీ ఆరు అంచెల పరిశీలనకు చేరుతుంది. చేతికిచ్చిన ఆరు లక్షలు ఒక ఏడాది ఆదాయంలా కనిపించడం ఎంత ప్రమాదమో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. ఆదాయపు పన్ను గుర్తింపు ఉన్న ధర్మసంస్థ ద్వారా వచ్చిన సాయానికి ఈ చిక్కు లేదు. బహుమతి పన్ను నిబంధన పేర్కొన్న ఆస్తుల జాబితాలో భూమి, షేర్లు, నగలు, చిత్రపటాలు ఉన్నాయి కానీ వాహనం లేదు. కాబట్టి డబ్బు ఇవ్వడమూ బండి ఇవ్వడమూ పన్ను దృష్టిలో ఒకటి కావు. ఒక ఆడిటర్‌కు వెయ్యి రూపాయలిచ్చి అరగంట కూర్చుంటే తేలిపోయే విషయం ఇది.

మా బ్యాచ్‌లో ముగ్గురు అమెరికాలో ఉన్నారు. ఇద్దరు ఇప్పటికీ భారత పాస్‌పోర్టువారు, ఒకరు అక్కడి పౌరుడయ్యాడు. ట్రస్టు ద్వారా పంపాలంటే వీళ్ల మధ్య తేడా ఉంది. భారత పౌరులైన ప్రవాసులు బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ దాతే. అతని డబ్బు తీసుకోవాలంటే ట్రస్టుకు విదేశీ విరాళాల చట్టం కింద ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు ఉండాలి. మా మూడో మిత్రుడికి ఇది కొంచెం మనసుకు గుచ్చుకుంది. పదో తరగతిలో ఇద్దరూ ఒకే బెంచీ.

అందరి జేబులూ తడిమే ముందు అతని హక్కుగా రావలసినవి ఉన్నాయేమో చూడాలి. ప్రమాదం వల్ల కుర్చీకి పరిమితమైనవారిలో చాలామంది పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో ఆసుపత్రి బిల్లులు, పోయిన సంపాదన మాత్రమే అడిగి ఊరుకుంటారు. రాకపోకల ఖర్చు, సహాయకుడి ఖర్చు, భవిష్యత్తులో అవసరమయ్యే పరికరాల ఖర్చు కూడా అడగదగినవే. తీర్పు అయిపోయి డబ్బు ట్రిబ్యునల్ ఆదేశంతో బ్యాంకు డిపాజిట్‌లో ఉంటే, బండి అవసరం చూపించి కొంత విడుదల చేయమని పిటిషన్ వేయవచ్చు. మా వాడి డిపాజిట్‌లో ఇంకా కొంత ఉందని మాకు మూడో సమావేశంలో తెలిసింది. అతను దాచలేదు, మేము అడగలేదు. అప్పు కావాలంటే దివ్యాంగుల కోసం కేంద్రం 1997లో పెట్టిన ఆర్థిక సంస్థ రాష్ట్ర కార్పొరేషన్లు, బ్యాంకుల ద్వారా మామూలు వాహన రుణాల కన్నా తక్కువ వడ్డీకి ఇస్తుంది. వాహనాన్ని అవసరానికి తగ్గట్టు మార్చుకోవడం కూడా ఆ రుణ అవసరాల్లో ఒకటి. హామీ సంతకం పెట్టే స్నేహితుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి: వాయిదా తప్పితే బ్యాంకు ముందు ఫోను చేసేది తనకే.

ఇవన్నీ తేలాక కూడా మా గ్రూపు అసలు ఖర్చు చూడలేదు. బండి ఒకసారి కొంటాం, దాన్ని నడిపేవాడు ప్రతి నెలా కావాలి. మా వైపు నెలకు 15,000 కన్నా తక్కువకు డ్రైవరు నిలవడు. ఏడాదికి 1,80,000, అంటే అతని పింఛను మొత్తం అంకెకు అంకె. రోజుకు 28 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు, లీటరుకు 15 కిలోమీటర్లు అనుకుంటే పెట్రోలుకు నాలుగున్నర వేలు. బీమా, రిపేర్లు కలిపితే నెలకు ఇరవై వేలు దాటుతుంది. పదేళ్లలో డ్రైవరు జీతమే పద్దెనిమిది లక్షలు, బండి ధరకు మూడింతలు. కాబట్టి పాతికమంది తలా పాతిక వేలు ఒకసారి ఇవ్వడం కన్నా, అందులో సగం ఇప్పుడిచ్చి, నెలకు మూడు వందల చొప్పున అయిదేళ్లు ఇస్తానని సంతకం పెట్టడం అతనికి ఎక్కువ ఉపయోగం. దండలు వేసే కార్యక్రమానికి అది పనికిరాదు, నిజమే. నెలనెలా బదిలీ అయ్యే మూడు వందలకు ఎవరూ ఫొటో తీయరు. వారానికి రెండు ఆసుపత్రి ప్రయాణాలే అవసరమైతే లెక్క వేరే. ట్రిప్పుకు 800 ఇచ్చినా ఏడాదికి 83,200. అలాంటివారికి సొంత బండి కన్నా తెలిసిన వ్యానువాడితో ఒప్పందం, ఒక మడత ర్యాంపు మేలు.

ఒక కోపం మాత్రం చెప్పకుండా ఉండలేను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ ఏమంటుంది? వికలాంగుల వ్యక్తిగత ప్రయాణం భరించగల ఖర్చుతో జరిగేలా ప్రభుత్వాలు పథకాలు రూపొందించాలి. ప్రోత్సాహకాలు, రాయితీలు, వాహనాల మార్పు, ప్రయాణంలో సహాయం అందులో ఉండాలి. వాహనాల మార్పు అన్న మాట చట్టంలోనే ఉంది. రాజీవ్ రాటూరీ కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, భవనాలు, రవాణా వికలాంగులకు అందుబాటులో ఉండాలనే ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నియమాలుగా ఉండాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం. ఇంత దగ్గర్లో ఇంత పని జరిగినా, బస్సు మెట్టు ఇప్పటికీ మా వాడి ఛాతీ ఎత్తులోనే ఉంది. పద్నాలుగు కిలోమీటర్ల దారిలో ఒక్క ర్యాంపు ఉన్న బస్సు తిరిగితే ఈ వ్యాసంలో సగం అక్కర్లేదు.

ప్రస్తుతానికి మేము ఎక్కడ ఉన్నామంటే, కొటేషన్లు రెండు వచ్చాయి, సచివాలయంలో ఇచ్చిన అర్జీకి రసీదు వచ్చింది, జవాబు ఇంకా రాలేదు. ఈలోగా పోయిన ఆదివారం ఒక పైసా ఖర్చు లేని పని చేశాం. అతని ఇంటి ముందు సందులో చాక్‌పీసుతో బండి గీశాం. బండి పొడవు 3.67 మీటర్లు, దాని వెనుక ర్యాంపు 1.8, ఆ వెనుక కుర్చీ తిరగడానికి ఒకటిన్నర. మొత్తం ఏడు మీటర్లు. అతను అరుగు మీది నుంచి చూస్తూ కూర్చున్నాడు. గీత గీసుకుంటూ పోతే ర్యాంపు చివర సరిగ్గా మురుగుకాలువ మీదికి వచ్చింది. బండిని ముందుకు జరిపి గీస్తే కరెంటు స్తంభం. అడ్డంగా గీస్తే ఎదురింటివాళ్ల గేటు. మూడుసార్లు చెరిపి గీశాక, "నలుగురు ఇంజినీర్లు, ఒక్కడైనా కాలువ మీద బండ వేయించాలనుకోలేదు" అని నవ్వాడు. బండకు పదిహేను వందలట. అది రేపు వేస్తున్నారు.